నల్లగీత కింద ముప్పై ఒక్క పేర్లు

ఎల్డన్ క్రౌస్ జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటనలు రెండే. ఒకటి, పదిహేడో ఏట కౌంటీ జాతరలో అతని దూడకి రెండో బహుమతి రావడం. రెండోది, ఒకనాడు ఫోన్లో అతను పదకొండు సెకన్ల పాటు మాట్లాడకపోవడం. మొదటిదానికి గుర్తుగా ఎర్ర రిబ్బను ఒకటి అద్దం కట్టించి వాళ్ళింటి హాల్లో తగిలించి ఉంది. రెండోదానికి రిబ్బనులాంటిది ఏదీ లేదు కనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా రాష్ట్ర బీమా శాఖ మూడో అంతస్తులో, మెట్లకి కుడిచేతివైపు, మందుల మధ్యవర్తి కంపెనీల పర్యవేక్షణ విభాగం ఉంది. అంత పేరు ఒక పలక మీద పట్టక తలుపుకి రెండు పలకలు కొట్టారు. విభాగం అంటే మొత్తం ఎల్డన్, నేను, ఒక ప్రింటరు, తూర్పు ముఖంగా ఒక కిటికీ. మేము పర్యవేక్షించవలసిన కంపెనీలన్నిట్లోకీ చిన్నదాని కార్లు నిలిపే స్థలంలో మా రాజధాని నగరం సగం ఇముడుతుంది. ఆ సంగతి కంపెనీలకి తెలుసు. మాకూ తెలుసు. ఉత్తరాల్లో మాత్రం ఇరుపక్షాలమూ తెలియనట్టే ఎంతో గౌరవంగా రాసుకునేవాళ్ళం.

ఆ కంపెనీలు చేసే పని చెప్పడం తేలికే. రోగికీ, అతని బీమాకీ, మందుల షాపుకీ మధ్యలో ఒక కంపెనీ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఏ మందు ఇవ్వాలో, ఏ షాపులో ఇవ్వాలో, ఆ షాపుకి ఎంత ముట్టజెప్పాలో అదే నిర్ణయిస్తుంది. పోస్టులో మందులు పంపే సొంత షాపు కూడా దానికి ఉంటుంది. అంటే ఊళ్ళో షాపుకి డబ్బు చెల్లించేవాడూ వాడే, ఆ షాపుకి పోటీదారూ వాడే. ఇది బాగాలేదని మా శాసనసభకి పదేళ్ళకి తోచింది. చట్టం చేశారు. షాపువాడు కొన్న ధరకన్నా తక్కువ చెల్లించరాదు, రోగిని బలవంతంగా పోస్టు షాపుకి మళ్ళించరాదు. ఒకే కౌంటీ నుంచి మూడు నెలల్లో ఇరవై ఐదు సరైన ఫిర్యాదులు వస్తే బీమా శాఖ ఆ కంపెనీని తనిఖీ చేసి తీరాలి. ‘చేసి తీరాలి’ అన్న మాట చట్టంలో ఉంది. ‘సరైన’ అన్న మాట కూడా ఉంది. మా విభాగం ఆ రెండో మాట నీడన బతుకుతుండేది.

సరైన ఫిర్యాదు ఏది, కానిది ఏది అన్న విషయంలో ఎల్డన్‌ను మించినవాడు రాష్ట్రంలో లేడు. పాడి ఆవుల ఇంట్లో పుట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఆవులు పోయినా పోలేదు. ఏడున్నరకే ఆఫీసుకి వచ్చి, సొరుగులోంచి అంచున పళ్ళున్న చెంచా తీసి, బత్తాయికి పెద్దన్నలా ఉండే గ్రేప్‌ఫ్రూట్‌ను సగానికి కోసి, తొన తొనా విడదీసుకుని తినేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పండు, అదే చెంచా. ఆ తర్వాత, చివరి రెండుమూడేళ్ళుగా, ఒక మాత్ర. మాత్రలు తెల్లటి సంచీలో పోస్టులో వచ్చేవి. మేము ఎవరి మీద నిఘా వేస్తున్నామో, ఆ కంపెనీ పోస్టు షాపు నుంచే. ప్రభుత్వోద్యోగుల మందుల కాంట్రాక్టు ఆ కంపెనీకి వేరే భవనంలో వేరే శాఖవాళ్ళు ఇచ్చారు. ఇందులో తప్పేమీ లేదని మాకు లిఖితపూర్వకంగా తెలియజేశారు.

చివరి రెండేళ్ళలో ఎల్డన్‌కి కాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. మూడంతస్తులు ఎక్కి వచ్చి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడేవాడు. ‘పెద్దమనిషివైపోయావయ్యా, లిఫ్టు ఎక్కితే ఉద్యోగం ఊడదులే’ అని నేను దెప్పేవాడిని. లిఫ్టు ప్రజల సౌకర్యార్థం ఉన్నదనీ, ఉద్యోగులు మెట్లు వాడాలని పంతొమ్మిది వందల తొంభై రెండు నాటి సర్క్యులరు ఒకటుందనీ చెప్పేవాడు. ఉంది. నేను వెతికి చూశాను.

ఎల్డన్ రాసిన గ్రంథం ఒకటుంది. ఒక పేజీ. పూర్వం మా శాఖలో ఒకావిడ ఎవరో ముసలాయనకి ఫోన్లో మంచి మాట ఒకటి సలహాగా చెప్పింది. అది వికటించింది. కేసు నడిచింది. శాఖ ఓడిపోయింది. దాంతో ఉద్యోగులు ప్రజలకి చట్టపరమైన సలహా చెప్పరాదని ఆజ్ఞ పుట్టింది. మరి ఫోను ఎత్తాక ఏం మాట్లాడాలి? ఆ బాధ్యత ఎల్డన్ మీద పడింది. మూడు వారాలు కష్టపడి, ఏ ప్రశ్నకైనా నిర్భయంగా చెప్పదగిన పన్నెండు వాక్యాలు కూర్చాడు. ప్రతి జనవరిలోనూ మేమందరం వాటిని చదివామని సంతకం పెట్టేవాళ్ళం. ఏడో వాక్యం అన్నిట్లోకీ ప్రసిద్ధి: ‘ఈ విషయమై మీరు మీ న్యాయవాదిని సంప్రదించగలరు.’

ఒక అక్టోబరులో బ్రిగ్స్‌ఫోర్డ్ నుంచి ఆర్డిత్ హాగెన్ అనే ఆవిడ ఫోను చేసింది. బ్రిగ్స్‌ఫోర్డ్‌లో ఒక ధాన్యం గోదాము, రెండు చర్చిలు, ఒక బారు, ఒక మందుల షాపు ఉండేవి. షాపు ఆవిడది. అంతకు ముందు వాళ్ళ నాన్నది. అది మూతపడితే తర్వాతి షాపు నలభై ఒక్క మైళ్ళ అవతల. చలికాలంలో ఆ దారి మీద మంచు తీసే బండి రోజుకి ఒక్కసారే తిరుగుతుంది.

ఆవిడ చెప్పింది విన్నాక ఎల్డన్ నాకు కొంత చెప్పాడు, కొంత ఫైల్లో ఉంది. తొంభై రెండు డాలర్లు పెట్టి కొన్న మందుకి కంపెనీ డెబ్భై ఒకటి చెల్లిస్తోంది. ఇన్సులిన్ అమ్మిన ప్రతిసారీ చేతి డబ్బు పోతోంది. అమ్మనంటే మనిషి కౌంటరు ముందే నిలబడి ఉంటాడు. ఇది కాక, నెల తిరిగేసరికి ఆవిడ కస్టమర్లందరికీ ఒక ఉత్తరం వస్తోంది, ఇకనుంచి మీ మందులు పోస్టులో వస్తాయి, ఊళ్ళో షాపుకి వెళ్తే పూర్తి ధర మీరే పెట్టుకోవాలి అని. ఇలా ముప్పై ఒక్కమంది. ముప్పై ఒక్క ఫిర్యాదులూ పంపుతానంది. తనిఖీ వసంతంలోగా మొదలైతే షాపు నిలుస్తుంది. లేకపోతే అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు వేసవి దాకా ఆగరు. ఇదీ ఆవిడ పరిస్థితి. దాచిందేమీ లేదు.

ఆఖర్న ఒక ప్రశ్న అడిగింది. ఎల్డన్ వైపు మాటలు నేను నా బల్ల దగ్గర్నుంచి విన్నాను, ఆవిడ మాటలు ఫోన్లోంచి కొద్దిగా బయటికి వినబడ్డాయి.

“రోగుల పేర్లు బయటపెడితే నా లైసెన్సు పోతుందంటారు కదండీ. ఈ ఫారాల్లో పేర్లు కొట్టేసి పంపాలా, ఉంచేసి పంపాలా?”

దీనికి జవాబు ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్న చట్టంలోనే, పర్యవేక్షణ చేసే ప్రభుత్వ శాఖకి వాటిని నిరభ్యంతరంగా ఇవ్వవచ్చునని స్పష్టంగా రాసి ఉంది. ఆ పేరా ఎల్డన్ బల్ల మీద, అద్దం కింద, వాళ్ళావిడ వెర్లా ఫోటోకీ కౌంటీ పటానికీ మధ్యన ఉండేది. అతని మోచేతి కింద ఉండేది. ‘ఉంచెయ్యండి’ అంటే అయిపోయేది.

ఎల్డన్ ఆగాడు. ఎంతసేపు ఆగాడో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవాళ్ళు వేరే ఉన్నారని తర్వాత తెలిసింది. అద్దం కింది కాగితం వైపు చూశాడు. గోడ మీది పన్నెండు వాక్యాల వైపు చూశాడు. నా వైపు కూడా చూశాడు. నేను ప్రింటరులో కాగితాలు సర్దుతున్నాను. నిజానికి అందులో కాగితాలు నిండుగానే ఉన్నాయి.

“ఈ విషయమై మీరు మీ న్యాయవాదిని సంప్రదించగలరు” అన్నాడు.

“మా ఊరి న్యాయవాదికి పొలం గట్లూ పందుల బేరాలూ తప్ప ఇంకేం తెలియవండీ” అంది ఆవిడ. ఎల్డన్ నవ్వలేదు. పన్నెండు వాక్యాల్లో నవ్వు లేదు.

నవంబరులో కవరు వచ్చింది. ముప్పై ఒక్క ఫారాలు, గుండ్రటి చేతిరాత, తేదీలు, మందు పేర్లు, కొన్న ధర, వచ్చిన ధర, అన్నీ సక్రమంగా ఉన్నాయి. రోగి పేరు ఉండాల్సిన గడిలో మాత్రం నల్ల మార్కరుతో దట్టంగా ఒక పట్టీ. ముప్పై ఒక్క పట్టీలు. రూళ్ళకర్ర పెట్టి గీసింది.

ఎల్డన్ ఆ పూట పండు తినలేదు. ఒక్కొక్క కాగితాన్నీ కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. నవంబరు ఎండే అయినా తూర్పు కిటికీ. మార్కరు వెనకనుంచి అక్షరాలు కనపడ్డాయి. ఒక్కటీ వదలకుండా చదివాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ముప్పై ఒకటీ అయ్యాక కాగితాలు కిందికి దించాడు. ‘అస్పష్టంగా ఉన్న పత్రం అందని పత్రంతో సమానం’ అన్న నియమం ఎవరు రాశారో గానీ, కిటికీ గురించి అందులో ఏమీ రాయలేదు. ఫారాలు తిప్పి పంపేటప్పుడు జతచేసే పద్నాలుగో నంబరు అచ్చు ఉత్తరం తీసి, ‘చదవడానికి వీలుగా లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. కలాన్ని ఎంత గట్టిగా అదిమాడంటే కాగితం చిరిగింది. ఆ చిరుగులో ఆవిడకి అందవలసిన సూచన ఉందని అతని నమ్మకం.

‘ఫోన్ చేసి చెప్పవయ్యా’ అన్నాను. అడిగితేనే చెప్పకూడదంటే, అడక్కుండా ఎలా చెబుతానన్నాడు. న్యాయమే. మరి నువ్వెందుకు చేయలేదని నన్నెవరూ అడగలేదు. అడిగితే నాకూ పన్నెండు వాక్యాలున్నాయి.

ఆర్డిత్ ఆ చిరుగుని వేరే విధంగా అర్థం చేసుకుంది. పేర్లు కావాలంటే ఒక్కొక్కరి అనుమతీ రాతపూర్వకంగా తెమ్మంటున్నారని అనుకుంది. మా రాష్ట్రం మనుషులు చేసే పని ఇదే. అడిగినదానికన్నా ఎక్కువ నిజాయితీగా ఉండి, ఆ నిజాయితీ కింద నలిగిపోతారు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆదివారాలు చర్చి అయ్యాక, మామూలు రోజుల్లో షాపు కట్టేశాక, ఆవిడ తన ట్రక్కులో పొలం పొలం తిరిగింది. ప్రతి ఇంటా కాఫీ తాగించనిదే సంతకం పెట్టరు కదా. ఒకాయన సంతకం పెట్టకముందే పోయాడు. ఒకావిడ చలికాలానికి భర్తతో కలిసి ఎండలుండే ఆరిజోనా వెళ్ళిపోయింది, ఉత్తరం రాస్తే ఫోటో పంపారు, ఈతకొలను పక్కన కూర్చుని ఉన్నది. మార్చిలో ఇరవై తొమ్మిది ఫారాలు వచ్చాయి. పేర్లున్నాయి. అనుమతులున్నాయి. ఒకటిరెండింటికి కాఫీ మరకలు కూడా ఉన్నాయి.

కానీ చట్టం మూడు నెలలంది. ఎల్డన్ వాటిని తేదీల వారీగా పేర్చాడు. పదకొండు మా చేతికి అందకముందే కాలం చెల్లిపోయాయి. మిగిలినవి పద్దెనిమిది. కావలసినవి ఇరవై ఐదు.

ఆ మధ్యాహ్నం అతను నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. పద్దెనిమిదిని ఇరవై ఐదు చేసే దారి ఏదైనా ఉందేమోనని. పుస్తకం అతనికి కంఠతా వచ్చు. అయినా చదివాడు. లేదు. ‘మరో ఏడు అవసరం’ అని ఉత్తరం రాశాడు. ఈసారి పేర్ల గురించి అక్కడక్కడే తిరిగి, తిరిగి, చివరికి ‘అనుమతి పత్రాలు జతపరచవలసిన అవసరం ఫారంలో పేర్కొనబడలేదు’ అని ఒక వాక్యం చేర్చాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అది అతని తిరుగుబాటు. మా పైఅధికారి డిప్యూటీ గారు ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వదిలేశారు.

మార్చిలో నమోదైన పద్దెనిమిదికీ మూడు నెలలు నిండకముందే, మే నెలాఖరుకి ఏడు ఫిర్యాదులు వచ్చాయి. జూన్‌లో తనిఖీ మొదలైంది. అసలు తనిఖీ ఎలా జరుగుతుందో చూసినవాళ్ళు తక్కువ. మేము ప్రశ్న రాస్తాం. జవాబుకి కంపెనీకి పది పనిదినాలు. పదో రోజున వాళ్ళ లాయరు ఐవ్స్ గారు ఫోను చేసి మరో పది రోజులు అడుగుతాడు. ఇస్తాం. ఇవ్వకపోతే మర్యాద కాదు. ఐవ్స్ గారు చాలా మంచి మనిషి. గడువు ఇచ్చిన ప్రతిసారీ చేత్తో రాసిన కృతజ్ఞతల కార్డు పంపేవాడు. మేము ఆ కార్డులను కూడా ఫైల్లో నంబరు వేసి పెట్టేవాళ్ళం.

ఆగస్టులో పెట్టెలొచ్చాయి. పంతొమ్మిది వందల పేజీలు. తెరిచి చూస్తే పేజీకి మూడు వంతులు నలుపు. ధరలు నలుపు, షాపుల పేర్లు నలుపు, ఎవరు ఎవరికి ఎంత చెల్లించారన్నది నలుపు, ఒక పేజీలో అయితే పేజీ నంబరు కూడా నలుపు. వ్యాపార రహస్యం. చట్టంలో వాళ్ళకి ఆ హక్కుంది. మేము పెట్టెలు అందాయని, ధన్యవాదాలని రాసి పంపాం. పద్నాలుగో నంబరు ఉత్తరం కంపెనీలకి వర్తించదు.

ఎల్డన్ ఒక పేజీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అద్దానికి ఆనించాడు. ఏమీ కనపడలేదు. వాళ్ళది కంప్యూటరు నలుపు, కింద అక్షరమే ఉండదు. అయినా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్ళి చేతిలోంచి కాగితం తీసుకున్నాను.

అదే వారంలో బ్రిగ్స్‌ఫోర్డ్ నుంచి కవరు ఒకటి వచ్చింది. లోపల ఉత్తరం లేదు, ఆ ఊరి వారపత్రిక ముక్క ఉంది. హాగెన్ మందుల షాపు మూతపడింది. చివరి రోజున ఊరివాళ్ళు వంటకాలు తెచ్చారట, చావు ఇంటికి తెచ్చినట్టే, బంగాళాదుంపల కూరలూ, పైన జెల్లీ పోసిన కేకులూ. రోగుల ఫైళ్ళు నలభై ఒక్క మైళ్ళ అవతలి పెద్ద దుకాణం కొనుక్కుంది. ఫోటోలో ఆర్డిత్ ఖాళీ బీరువాల ముందు నిలబడి ఉంది. వెనక గోడ మీద పెద్ద గడియారం.

ఫిర్యాదుకి సంబంధించని పత్రాలు పంపినవారికి తిప్పి పంపాలి. ఎల్డన్ తిప్పి పంపలేదు. అద్దం ఎత్తి, ఆ పేరా మీద పెట్టాడు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మోచెయ్యి పక్కకి పెట్టుకునేవాడు.

ఉత్తర్వు రావడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. బీమా శాఖ గెలిచింది. కంపెనీ తప్పు చేశామని ఒప్పుకోకుండా, చేయలేదనీ అనకుండా, షాపులకి తేడా డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. ‘ప్రస్తుతం నడుస్తున్న’ షాపులకి. ఆ రెండు మాటలు పాత ఉత్తర్వు ఒకదాన్లోంచి యథాతథంగా దిగుమతి అయ్యాయి, వాటిని అక్కడ పెట్టాలని ఎవరూ అనుకోలేదు, తీసెయ్యాలనీ అనుకోలేదు. డిప్యూటీ గారు కేకు తెప్పించారు. కంపెనీ అప్పటికి పేరు మార్చుకుంది, ఈమధ్య మళ్ళీ మార్చుకుంది. అందుకే నేను ఏ పేరూ రాయలేదు, ఏది రాసినా పాతదే అవుతుంది.

ఒప్పందంలో చివరి షరతు: ప్రజలకి విడుదల చేసే ప్రతిలో షాపుల పేర్లు కనపడకూడదు. పేరు తెలిస్తే ధర తెలుస్తుంది, ధర రహస్యం. ఆ పని ఎల్డన్‌ది. కంప్యూటరులో ఒక్క మీటతో అవుతుంది. ఎల్డన్ ఆ మీట తనకి రాదన్నాడు. కిందటి ఏడాది ఆ శిక్షణ అందరికీ ఇచ్చింది అతనే. నేను గుర్తు చేయలేదు. స్టోరు గదికి వెళ్ళి నల్ల మార్కరు తెచ్చుకుని, రూళ్ళకర్ర పెట్టి, చేత్తో గీశాడు. మొదటి ఫిర్యాదుదారు, హాగెన్ షాపు పేరు దగ్గర కొంచెం ఆగాడు. గీశాడు.

నవంబరులో ఒక శనివారం నన్ను కారు తీయమన్నాడు. కాళ్ళ వల్ల దూరం నడపలేకపోతున్నాడు. ఎక్కడికి అని అడగలేదు. వంద మైళ్ళు వెళ్ళాం. బ్రిగ్స్‌ఫోర్డ్ ఫైళ్ళు కొనుక్కున్నది, కారు టైర్లకీ రొట్టెలకీ మధ్యన మందుల కౌంటరు ఉన్న పెద్ద దుకాణం. కౌంటరు వెనక తెల్లకోటులో ఆర్డిత్. కోటు మీది చీటీలో ఇంటి పేరు లేదు. మా ముందు నలుగురున్నారు. ఎల్డన్ వరసలోనే నిలబడ్డాడు. వరస తప్పడం అతని వల్ల కాదు.

తన వంతు వచ్చాక పేరు చెప్పబోయాడు.

“గొంతు గుర్తుపట్టాను” అంది ఆవిడ. “మీ న్యాయవాదిని సంప్రదించగలరు.”

ఎల్డన్ ఉత్తర్వు ప్రతి తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆవిడ మొదటి పేజీలో నల్ల పట్టీ చూసింది. చూసి, ఎవరూ చెప్పకుండానే, కాగితాన్ని పైకెత్తి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంది. కాసేపు చదివింది.

“మార్కరు మంచిదే వాడారు. నేను డాలరుకి రెండొచ్చేవి వాడాను” అంది.

“మీరు ఆ రోజు పేర్లు కొట్టెయ్యాలా అని అడిగారు” అన్నాడు ఎల్డన్. “అక్కర్లేదండీ. అక్కర్లేదని నాకు తెలుసు. అప్పుడే తెలుసు.”

మా వెనక దగ్గుమందు పట్టుకున్న ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు, వినకూడనిదేదో జరుగుతోందని. ఆర్డిత్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది.

“మీరు మధ్యలో ఆగారు. మా షాపులో గడియారం నా ఎదురుగానే ఉండేది. పదకొండు సెకన్లు. చెప్పేస్తారనుకున్నాను.”

“చెప్పాల్సింది.”

“అవునండీ.”

అంతే. తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. ఎల్డన్ తలూపి వెళ్ళబోతూ కౌంటరు అంచు పట్టుకున్నాడు. మెట్లెక్కి వచ్చాక తలుపు పట్టుకుంటాడే, అలా.

“కాళ్ళేమయ్యాయి?” అంది ఆర్డిత్.

వయసు అన్నాడు. మెట్లు అన్నాడు. ఏం మందులు వాడుతున్నారని అడిగింది. కొలెస్ట్రాల్ మాత్ర పేరు చెప్పాడు. ఎవరిస్తున్నారంటే పోస్టులో వస్తాయన్నాడు. ఏ కంపెనీ అని ఆవిడ అడగలేదు.

“పొద్దున్న ఏం తింటారు?”

అతనికన్నా ముందు నేనే చెప్పాను, సగం గ్రేప్‌ఫ్రూట్, ముప్పై ఏళ్ళుగా, ఒకే చెంచాతో అని.

“మానెయ్యండి. ఇవాళ్టి నుంచే. ఆ పండు తింటే ఈ మాత్ర ఒంట్లోంచి పోదు, పేరుకుంటుంది, కండరాలు పట్టేస్తాయి. సోమవారం పొద్దున్నే డాక్టరుకి ఫోను చేసి రక్తం చూపించుకోండి. అంతవరకూ మాత్ర వేసుకోవాలో వద్దో కూడా ఆయన్నే అడగండి. ఆ సంచీలో వచ్చే కాగితంలో ఇది రాసే ఉంటుంది, ఆఖరి పేజీలో, ఆవగింజంత అక్షరాల్లో.” చెబుతూనే ఒక చీటీ మీద మందు పేరూ పండు పేరూ రాసి, మధ్యన పెద్ద అడ్డగీత గీసి, చేతికిచ్చింది. “తర్వాత ఎవరండీ?”

దగ్గుమందు ముసలాయన ముందుకొచ్చాడు.

తిరుగుదారిలో బ్రిగ్స్‌ఫోర్డ్ మీదుగా వచ్చాం. షాపు అద్దాలకి లోపలినుంచి గోధుమరంగు కాగితం అంటించి ఉంది. షాపు ముందున్న చెక్కబల్ల మీద మంచు పట్టింది. నేను బండి నెమ్మది చేశాను. ఎల్డన్ ఆపమనలేదు. ఇరవై మైళ్ళు దాటాక ఒక్క మాట అన్నాడు.

“నేనావిడని సలహా అడగనైనా లేదు.”

రక్తపరీక్షలో ఆవిడ చెప్పినట్టే తేలింది. డాక్టరు మాత్ర మార్చాడు. ఫిబ్రవరి వచ్చేసరికి ఎల్డన్ మెట్లు ఎక్కి వచ్చి తలుపు పట్టుకోవడం మానేశాడు. మార్చిలో రిటైరయ్యాడు. పార్టీలో డిప్యూటీ గారు అతని పన్నెండు వాక్యాలను చట్రం కట్టించి బహూకరించారు. ఎల్డన్ మర్యాదగా తీసుకుని, ఇంటికి వెళ్ళేటప్పుడు కుర్చీలో మరిచిపోయాడు. ఎల్డన్ ఏదీ మరిచిపోయే మనిషి కాదు.

ఇప్పుడతను మంగళ, గురువారాల్లో చర్చి నేలమాళిగలో కూర్చుని, మందుల బీమా కాగితాలు అర్థంకాని ముసలివాళ్ళకి అర్థమయ్యేలా చెబుతుంటాడట. జీతం లేదు. వెర్లా చెప్పింది. అడిగినదానికన్నా ఎక్కువ చెబుతున్నాడని, వాళ్ళు ఇళ్ళకి వెళ్ళడం ఆలస్యమై సూపు చల్లారిపోతోందని ఫిర్యాదులు కూడా వచ్చాయట. బ్రిగ్స్‌ఫోర్డ్ నుంచి ఎవరూ రారు, మంచు రోజుల్లో అంత దూరం ఎవరొస్తారు.

అతని బల్ల నాకిచ్చారు. సొరుగులో చెంచా ఉంది. అద్దం కింద పేరా ఉంది, దాని మీద పత్రిక ముక్క ఉంది. గోడ మీద పన్నెండు వాక్యాలున్నాయి, కుర్చీలో దొరికిన చట్రాన్ని నేనే తగిలించాను. ఫోను మోగుతూనే ఉంటుంది. నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. కిందటి వారం ఎవరో షాపు ఆవిడ, ఉత్తరం వైపు కౌంటీ నుంచి, రోగుల పేర్లు కొట్టెయ్యాలా ఉంచెయ్యాలా అని అడిగింది.

నేను గడియారం వైపు చూస్తూ ఆగాను.